ఎనిమిదో మెట్టు

397వ రోజు

ఉప్పు తీసే నీళ్ళ యంత్రం మళ్ళీ ఆగింది. ముఖం సముద్రపు నీళ్ళతోనే కడుక్కున్నాను. చర్మం బిగుసుకుపోయి, నవ్వితే ఎక్కడో పగులుతుందనిపిస్తోంది. ఇవాళ్టికి ఇరవై రెండు సీరం గొట్టాలు, నాలుగు పళ్ళేలు, నేనొక్కత్తిని.

ఈ పుస్తకం నా తర్వాత ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళ కోసం. "పని రాయి. పన్తోపాటు నీ బుర్రలో తిరిగేదీ రాయి, లేపోతే నీకు పిచ్చెక్కుతాది" అంది గన్నెమ్మక్క. జబ్బు తగ్గినవాళ్ళం ఒడ్డున రోగులకు ప్లాస్మా ఇస్తూ బతికే ఈ దీవికి, ఈ దిబ్బకు, పెద్ద ఆమే. ఒకప్పుడు ఒడ్డున నర్సు. యాభై దాటాయి గానీ నడక మాత్రం పాతికేళ్ళ మనిషిది. నేను వచ్చిన కొత్తలో రోజుకు మూడుసార్లు రేవు దాకా వెళ్ళి ఒడ్డు వైపు చూస్తూ నిలబడేదాన్ని. నాలుగో రోజున ఆమె వచ్చి నా చేతిలో ఈ గది తాళం పెట్టింది. "నీ కంటికి కనబడిందే రాయి. నాకు నచ్చింది రాయొద్దు" అంది. ఇంకెవరు చెప్పినా నేను ఇక్కడ ఆగేదాన్ని కాదు.

పని ఇలా. సీరాన్ని, అంటే రక్తంలోంచి వేరుచేసిన తేటను, యాభై ఆరు డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచాలి. పళ్ళెంలో మొదటి గుంతలో ఇరవై వంతుల పలచన, రెండో గుంతలో నలభై, మూడో దానిలో ఎనభై, అలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ప్రతి గుంతలోనూ ఒకే కొలత వైరస్ వేసి గంటసేపు ఆగాలి. ఆ గంటలో యాంటీబాడీలు వైరస్ ఒంటి మీది ముళ్ళను వెతికి పట్టుకుంటాయి. ముల్లు కప్పుకుపోయిన వైరస్ కణంలోకి దూరలేదు, తలుపు దొరకని మనిషిలా బయటే తిరుగుతుంది. తర్వాత ఆ నీళ్ళను కణాల మీద పోసి, మర్నాడు నీలిదీపం కింద చూడాలి. సోకిన కణాలు ఆకుపచ్చగా వెలుగుతాయి. చీకటిగా ఉన్న గుంత కాపాడబడిన గుంత. కొత్తలో నేను వెలుగును చూసి సంతోషించేదాన్ని. ఇక్కడ చీకటే మంచిది.

ఎన్నో గుంత దాకా చీకటి ఉంటే మనిషిది అన్నో మెట్టు. ఆ అంకెను ఎవరి తలుపు మీద వాళ్ళకు సుద్దతో రాస్తాం. నాది ఎనిమిది. దిబ్బ మీద ఎనిమిదులు ఆరుగురమే. నీళ్ళ వరసలో మాకు ముందు చోటిస్తారు. వద్దంటూనే వెళ్ళి నిలబడతాను.

398వ రోజు

ఇరవై రెండు గొట్టాల్లో పద్దెనిమిది పోయినసారి ఏ అంకె దగ్గర ఉన్నాయో అక్కడే ఉన్నాయి. జబ్బు తగ్గిన నెలలకు యాంటీబాడీలు కొంత తగ్గాలని కాలేజీలో చెప్పారు. తగ్గుతున్నాయి కూడా, కానీ మర్యాదగా, ఏడాదికి ఒక మెట్టు. మనుషులు ఇంత మర్యాదగా ఉండరు.

పేరు కట్టడం గురించి రాయలేదు. నాలుగో మెట్టు దాటినవాళ్ళకు ఆ హక్కు ఉంటుంది. మనం ఇచ్చే ప్రతి మూడో ప్లాస్మా సంచికి, ఒడ్డున ఉన్న మనవాళ్ళలో ఒకరి పేరు రాసి తెల్లదారంతో కట్టుకోవచ్చు. ఆ సంచి అందరితో పాటు పోదు. మంచుగదిలో ఆ మనిషి కోసం ఆగి ఉంటుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఒడ్డు రేడియో ఆస్పత్రిలో చేరినవాళ్ళ పేర్లు చదువుతుంది. మేం వినగలం, తిరిగి చెప్పలేం. చెప్పే యంత్రాన్ని ఉప్పు ఎప్పుడో తినేసింది. పేరు వినబడితే ఆ సంచి తర్వాతి పడవలో వెళుతుంది.

నా సంచులు నాలుగున్నాయి. నాలుగింటి మీదా నళిని పేరే, మా అక్క. నాకు జబ్బు చేసినప్పుడు పంతొమ్మిది రోజులు నా గదిలోనే ఉంది. దానికి రాలేదు. "నాకు రాదే, నాకు తీరిక లేదు" అనేది ముక్కూ నోరూ బిగించిన గుడ్డలోంచి.

399వ రోజు

యంత్రం దగ్గర పైడయ్య తాత. నీళ్ళ కోసం వరసలో మేం. తాత తలుపు మీద ఉన్న అంకె రెండు.

"రెండో మెట్టు మావా, నీళ్ళు కూడా రెండు సుక్కలేనేటి?" అంది సూరప్పమ్మ పిన్ని. ఆమె ఏడో మెట్టు. నోరు పదో మెట్టు.

"మీ ఏడులూ ఎనిమిదులూ అంతా కల్సి తిప్పండర్రా ఈ సక్రం. ఒంట్లో బలం పొంగిపోతంది గదా" అన్నాడు తాత, తల ఎత్తకుండానే. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తాత వచ్చి ఏడు వారాలే అయింది. మేమంతా రెండేళ్ళ క్రితం జబ్బుపడి తేరుకున్నవాళ్ళం. తాతా, తాతతో వచ్చిన మరో నలుగురూ ఈ ఏడాది జబ్బులోంచి లేచినవాళ్ళు. ఐదుగురి సీరమూ నేనే చూశాను. ఒక్కరు కూడా రెండో మెట్టు దాటలేదు. దిబ్బ మీద తిండికి కొరత కదా, నలుగురినీ తర్వాతి పడవలో తిప్పి పంపేశాం. తాతకు యంత్రాలు తెలుసని ఉంచుకున్నాం.

నా బిందె నిండుతుంటే తాత అడిగాడు. "కేతమ్మా, పదారు రోజులు ఊపిరాడక కొట్టుకున్నాను నాను. అంత యుద్ధం సేస్తే నా ఒంట్లో రెండే మెట్లేటమ్మా?"

"అందరి ఒళ్ళూ ఒకలా ఉండవు తాతా" అన్నాను. బీఎస్సీ చదివినదాన్ని, జవాబు తడుముకోకుండా వచ్చింది.

403వ రోజు

పడవ రోజు. పదకొండు రోజులకోసారి వస్తుంది. సింహాద్రి పడవ దిగడు. తాడుకు కట్టిన బుట్టలో బియ్యం, మందులు, ఉత్తరాలు పైకి పంపుతాడు. మేం మంచుపెట్టెల్లో పసుపు సంచులు కిందికి దించుతాం. అతని ముఖం మీద మూడు పొరల గుడ్డ. మాకు ఏమీ లేదు. నోళ్ళు, ముక్కులు, పళ్ళు, అన్నీ బయటే. దిబ్బలో నాకు నచ్చింది ఇదొక్కటే, మనుషులు నవ్వితే కనబడుతుంది.

"సింహాద్రీ, పైకొచ్చి టీ తాగెల్లు. మాకు మళ్ళీ వొస్తాదేటి, సచ్చి బతికినోళ్ళం" అని పిలిచింది సూరప్పమ్మ పిన్ని.

"ఎవులూ దిగకూడదు" అంది గన్నెమ్మక్క. గొంతు చాలా గట్టిగా వచ్చింది. అందరూ ఆమె చాదస్తానికి నవ్వుకున్నారు.

సింహాద్రి తాడు చుట్టుకుంటూ అన్నాడు. "అమ్మా, ఒక మాట. ఈమజ్జిన మీ సంచీలు ఎక్కించినా జనం నిలబడ్డం లేదు. మా ఈదిలో ముగ్గురు."

"ఆలీసంగా ఎక్కించుంటారు. మొదటి ఐదు రోజుల్లో ఎక్కించాల, ఎన్నిసార్లు సెప్పినాను?" అంది గన్నెమ్మక్క. అది నిజమే, ఆలస్యమైతే పనిచేయదు. అయినా ముగ్గురికీ ఆలస్యమైందా అని నాకు అనిపించింది. అడిగేలోపు ఆమె బుట్టలోంచి నువ్వుల నూనె సీసా తీసి నా చేతిలో పెట్టింది. "నీ జుట్టు సూడు, ఉప్పుకి పీసైపోనాది." అడగలేదు.

411వ రోజు

నాలుగింటి జాబితాలో పదిహేడో పేరు నళిని. మా వీధి పేరు, వయసు, ఇరవై తొమ్మిది. జ్వరం మొదలై ఒక రోజు.

మంచుగదికి పరుగెత్తాను. నాలుగు సంచులూ ఉన్నాయి, తెల్లదారాలతో, నా దస్తూరీతో. పడవ ఎల్లుండి కాక ఆవలెల్లుండి వస్తుంది. ఇంకా సమయం ఉంది. కానీ సంచుల్లో ఒకటి పది నెలల కిందటిది. ఏది బలమైనదో తేల్చి దాన్నే ముందు ఎక్కించమని రాద్దామనుకున్నాను. పరీక్షకు వైరస్ కావాలి. వైరస్ ఉండేది లోగదిలో. లోగదిలోకి గన్నెమ్మక్క ఒక్కతే వెళుతుంది, వారానికి ఒక గొట్టం తెచ్చి నాకిస్తుంది. ఆమె ఉప్పుమడుల చివర ఎవరికో కాలు తెగితే కుట్లు వేయడానికి వెళ్ళింది. గడియ తీసుకుని నేనే వెళ్ళాను.

ఇది జాగ్రత్తగా రాస్తాను.

ఒడ్డున ఇప్పుడు తిరుగుతున్న వైరస్‌ను అక్కడి ల్యాబువాళ్ళు పెంచి, నెలకొక పెట్టె మాకు పంపుతారు. దాని మీదే మేం పరీక్షలు చేయాలి. ఇప్పుడు వాళ్ళకు పళ్ళేలు చదివే మనుషులు మిగల్లేదు, అందుకే ఆ పని మాకిచ్చారు. లోగది అరలో ఎనిమిది నెలల పెట్టెలు ఎనిమిదీ ఉన్నాయి. ఏడింటికి సీలు కూడా విప్పలేదు. అన్నిటికన్నా పాతదాన్ని ఒకసారి విప్పి మళ్ళీ అతికించారు. పక్కన రెండేళ్ళ కిందటి పెట్టె ఒకటి తెరిచి ఉంది, సగం ఖాళీ. దాని ముందు ఖాళీ చీటీల చుట్ట, గన్నెమ్మక్క కలం.

ఈ వారం ఆమె నాకిచ్చిన, నేను వాడేసిన ఖాళీ గొట్టం నా బల్ల మీదే ఉంది. దాని మీద ఈ నెల చీటీ. గోరుతో గీకాను. కింద ఇంకో చీటీ. రెండేళ్ళ కిందటి తేదీ.

కొత్త పెట్టె సీలు కోశాను. నా సీరం, సూరప్పమ్మ పిన్నిది, ఇంకో తొమ్మిది మందిది, చివరి వరసలో పైడయ్య తాతది పోశాను. తాత సీరం ఎందుకు పోశానో ఆ క్షణాన నాకే తెలియదు. పదహారు రోజులు ఊపిరాడక కొట్టుకున్నానన్న మాట చెవిలో ఉండిపోయిందేమో.

412వ రోజు

నీలిదీపం వేశాను. పళ్ళెమంతా ఆకుపచ్చ.

నా వరస మొదటి గుంత నుంచి చివరి దాకా వెలిగింది. ఇరవై వంతుల పలచనలో కూడా ఒక్క కణాన్ని నా రక్తం కాపాడలేకపోయింది. సూరప్పమ్మ పిన్నిదీ అంతే. పదకొండు వరసలూ అంతే. వైరస్ ముళ్ళ ఆకారం మారిపోయింది. మా యాంటీబాడీలు పాత ముల్లునే వెతుక్కుంటున్నాయి.

చివరి వరస, పైడయ్య తాతది, తొమ్మిదో గుంత దాకా నల్లగా ఉంది. మూడుసార్లు లెక్కపెట్టాను.

గన్నెమ్మక్క వచ్చేసరికి దీపం ఆర్పకుండా అలాగే కూర్చున్నాను. ఆమె పళ్ళేన్ని చూసింది, తెరిచిన లోగది తలుపును చూసింది. సబ్బుతో చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, నిదానంగా.

"మూతెట్టు. కణాలు ఆరిపోతాయి" అంది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"ఎనిమిది నెల్లు. మొదటి పెట్టె ఇప్పి సూసినాను. ఇలగే ఎలిగిపోనాయి."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే? ఒడ్డోళ్ళకి మనమేటే? పసుపు సంచీలం. సంచీ పన్జెయ్యదంటే పడవ రాదు. బియ్యం రావు, యంత్రానికి సామాను రాదు. నూటెనభై మూడు మందిని ఏటి తినమంటావు, ఉప్పు తినమంటావా?"

"అక్కడ చచ్చిపోతున్నారు."

"సంచీ లేపోయినా సచ్చేవోళ్ళే. మన సంచీ ఎవుల్నీ సంపలేదు."

"పైడయ్య తాతతో వచ్చిన నలుగురు! వాళ్ళ రక్తం పనిచేసేది. పనికొచ్చేవాళ్ళు వాళ్ళే. నా చేత రెండో మెట్టు అని రాయించి పంపేశావు."

ఆమె తడిచేతులు తుడుచుకుంది.

"అందుకేనా సింహాద్రిని దిగనివ్వవు? మనకీ రక్షణ లేదని నీకు తెలుసు. రేవులో పిన్ని టీకి పిలుస్తుంటే అందరం నవ్వాం, నువ్వు ఒక్కదానివే భయపడ్డావు."

"భయపడబట్టే మీరంతా ఉన్నారు."

"నా నాలుగు సంచులు? నళిని పేరు కట్టిన ప్రతిసారీ పక్కన నిలబడ్డావు. దారం జారిపోతుందని నువ్వే ముడి వేశావు."

అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళు దించుకుంది. "నువ్వు ఆ పేరు కట్టుకోబట్టే నిలబడినావే పిల్లా. రేవు కాడికెళ్ళడం మానీసినావు."

ఈ గది తాళం నా దగ్గరే ఎందుకు ఉంచిందో అప్పుడు అర్థమైంది. నేను బాగుండాలని కొంత, అది అబద్ధమని అనను. కానీ ఎనిమిది నెలల కిందట ఆమె నాతో సంతకం పక్కన 'బీఎస్సీ' అని కూడా రాయించింది. చదువుకున్న సంతకాన్ని ఒడ్డువాళ్ళు తిప్పి అడగరట. రెండు వందల పైచిలుకు కాగితాలు వెళ్ళాయి. అన్నిటి అడుగునా 'చదివినవారు: కేతకి, బీఎస్సీ'. ఆమె పేరు ఒక్కదాని మీద కూడా లేదు.

413వ రోజు

పైడయ్య తాతకు అంతా చెప్పాను. యంత్రం మర విప్పుతూ విన్నాడు.

"అంటే నాను తొమ్మిదా?"

"తొమ్మిది."

నవ్వుతాడనుకున్నాను. మర కింద పెట్టాడు. "నాతో వొచ్చిన నలుగుర్లో బోడెమ్మని ఒకర్తి ఉండీది. ఎందుకూ పనికిరాన్దాన్నైపోనానని పడవలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్సుకుంటా ఎల్లింది. ఆల్నందర్నీ పిలిపిస్తావు గదా?"

"పిలిపిస్తాను."

తూకం వేశాను, యాభై మూడు కిలోలు. రక్తం గుంపు ఏబీ. ఆ ప్లాస్మా ఎవరికైనా పడుతుంది. రెండు గంటలు కుర్చీలో కూర్చున్నాడు. రక్తం గొట్టంలోంచి వెళ్ళి తిరిగొస్తుంటే, దీన్ని ఎవరు బిగించారు, మోటారు ఒరుసుకుంటోంది అని గొణిగాడు. సంచి నిండింది, లేత పసుపు.

"ఇది నీ సంచి. పేరు కట్టే హక్కు నీది తాతా" అన్నాను.

"మీ అక్క పేరేటి?"

"నళిని."

"అదే కట్టీ. నాకు కట్టుకోడానికి ఎవులున్నారు? ఒక్క పని సెయ్యి. నా తలుపు మీదున్నది సెరిపీ. తొమ్మిదని రాయకు. ఉట్టినే సెరిపీ."

తడిగుడ్డతో చెరిపాను. ఆ రెండును రాసిందీ నేనే, తెల్లగా, పెద్దగా, దూరం నుంచి కనబడాలని.

తిరిగి వచ్చేసరికి గన్నెమ్మక్క నా బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఖాళీ కాగితం.

"ఒడ్డు నియమం నీకు తెల్సు" అంది. "ఐదో మెట్టుకి తక్కువున్న సంచీని గేటు కాడే పొయ్యిలో ఏసేస్తారు. పైడయ్యకి తొమ్మిదని రాయాల. ఎలగ రాస్తావు? కొత్త వైరస్ మీద తొమ్మిదని రాస్తే, మిగతావోళ్ళకి ఎంతని అడుగుతారు. సున్నా అంటావు. అన్ని సంచీలూ ఆపేసి ఇచారణ ఎడతారు. పది రోజులో, ఇరవయ్యో. అప్పటిదాకా ఏ సంచీ ఎక్కించరు, పైడయ్యది కూడా. నీ అక్కకి ఇవాళ మూడో రోజు."

"ఇంకో దారి?"

"ఎప్పట్లాగే రాసీ. అందరి అంకెలూ ఎప్పట్లాగే. పైడయ్యకి తొమ్మిది. నీ అక్క బతుకుతాది, దిబ్బ బతుకుతాది." లేచి నా భుజం మీద చేయి వేసింది. నేను దాన్ని తోసేయలేదు. అది కూడా రాయాలి.

414వ రోజు

రెండు కాగితాలు రాశాను. ఒకటి నిజం: కొత్త వైరస్ మీద పదకొండు మందికి సున్నా, పైడయ్యకు తొమ్మిది, తిప్పి పంపిన నలుగురి పేర్లు, ఎనిమిది పెట్టెల సంగతి. రెండోది ఎప్పటిది. రేవుకు వెళ్ళేటప్పుడు నిజం కుడి జేబులో ఉంది, రెండోది చేతిలో.

సింహాద్రి తాడు వదిలాడు. చేతిలో ఉన్నది బుట్టలో వేశాను.

తాత సంచి నళిని పేరుతో వెళ్ళింది. దానితో పాటు మిగతా ముప్పై తొమ్మిది సంచులూ వెళ్ళాయి. అందులో నాదొకటి, పోయిన వారం ఇచ్చింది. దాని మీద 'కేతకి, ఎనిమిదో మెట్టు'. దించుతున్నప్పుడు చల్లగా చేతికి తగిలింది. ఆపొచ్చు. ఒక్క సంచే కదా, పగిలిందని చెప్పొచ్చు. ఆపితే గన్నెమ్మక్క చూస్తుంది, సూరప్పమ్మ పిన్ని ఏమైందని అడుగుతుంది. దించేశాను.

నిజం తర్వాతి పడవకు. పదకొండు రోజులే.

420వ రోజు

రోజూ పాత వైరస్ గొట్టం, రోజూ పళ్ళేలు. గన్నెమ్మక్క ఇప్పుడు చీటీ మార్చడం లేదు, నా ముందు ఎందుకని. ఇద్దరం మాట్లాడుకోకుండా పక్కపక్కనే పని చేస్తున్నాం. ఇంత చక్కగా ఎప్పుడూ సాగలేదు.

సూరప్పమ్మ పిన్ని వచ్చింది. తన మూడో సంచి వంతు. ఒడ్డున ఆమె కొడుకు జగ్గారావు పడవలకు రంగులు వేస్తాడు. "పదకొండోది ఇది. మంచుగదిలో వాడికో బీరువా కట్టాల" అని నవ్వింది. దారం నా చేతికిచ్చింది. "నువ్వే కట్టు. నా ఏళ్ళు పన్జెయ్యట్లేదు, ఉప్పు తినీసింది."

కట్టాను. గట్టిగా కట్టాను.

425వ రోజు

పడవ. సింహాద్రి కిందనుంచే అరిచాడు. "కేతమ్మా, మీ అక్క లెగిసి కూకుంది!" బుట్టలో నళిని ఉత్తరం.

రేవు రాతి మీద కూర్చుని చదివాను. నాలుగో రోజుకు ఊపిరి సులువైందట. గంజి తాగుతోందట. ఆస్పత్రి దుప్పట్ల గురించి అర పేజీ తిట్లు. నాకు ఏడుపొచ్చింది, మంచి ఏడుపే. తర్వాత ఇలా ఉంది:

"నా పక్క మంచం మీద యామిని అని ఒక అమ్మాయి ఉండేది, నీ కన్నా చిన్నది. తనకు ఎక్కిస్తున్న సంచి మీద నీ పేరు చూసి అరిచేశానే. మా చెల్లిదే, ఎనిమిదో మెట్టు, దిబ్బలో ఆరుగురే ఉన్నారు అని వాళ్ళమ్మకు చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. ఊళ్ళో ఉన్న వాళ్ళాయన్ని రావద్దని కబురు పెట్టింది, ఎనిమిదో మెట్టు ఎక్కింది, భయం లేదు అని. ఆరో రోజు పిల్ల పోయింది. వాళ్ళ నాన్న చివరిచూపు చూడలేకపోయాడు. నువ్వు బాధపడకు. నువ్వు ఇవ్వగలిగింది నువ్వు ఇచ్చావు."

నిజం పంపి ఉంటే యామిని బతికేదని కాదు. ఆ అమ్మాయికి పనికొచ్చే సంచి ఒక్కటే ఉంది, అది నళినికి వెళ్ళింది. కానీ ఒక తండ్రి నా అంకెను నమ్మి ఇంటి దగ్గర ఆగిపోయాడు. ఆ అంకె అబద్ధమని తెలిసి నేను దించాను.

జేబులోని కాగితం తీశాను. పదకొండు రోజులకు మడతల దగ్గర నలిగిపోయింది. అడుగున కొత్తగా రెండు వరసలు చేర్చాను: ఈ సంగతి నాకు 412వ రోజున తెలిసింది. 414వ రోజు కాగితం తప్పని తెలిసే సంతకం చేశాను. బుట్టలో వేశాను. సంచులు ఒక్కటి కూడా దించలేదు.

"ఖాళీయేనేటమ్మా?" అన్నాడు సింహాద్రి.

"కాగితం పెద్ద డాక్టరుకి ఇవ్వు. నీ చేత్తోనే ఇవ్వు."

గన్నెమ్మక్క నా వెనకే నిలబడి ఉంది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. "ఇప్పుడా?" అంది. "నీ పని అయిపోనాకా?"

ఎనిమిది నెలలు నన్ను మోసం చేసిన మనిషి, ఆ ఒక్క మాట మాత్రం నిజం చెప్పింది. పడవ కదిలి, సింహాద్రి ముఖం మీది గుడ్డ చిన్న తెల్లచుక్క అయ్యేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఆ పడవ మళ్ళీ వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు.

ప్లాస్మా ఇచ్చే పాకలో ఉదయం వరస అప్పటికే కూర్చుని ఉంది, ఇరవై మంది దాకా. కుర్చీలో సూరప్పమ్మ పిన్ని, చొక్కా చేయి పైకి మడిచి. నేను సూది తీయకుండా నిలబడి చెప్పేశాను. ముళ్ళు మారాయని, మన అంకెలు పాత వైరస్‌వని, మన సంచులు ఇప్పుడు ఎవరినీ కాపాడవని, మనల్ని కూడా కాపాడవని. పనికొచ్చేది పైడయ్య తాత ఒక్కడిదేనని. ఎవరూ అరవలేదు. అరుస్తారని సిద్ధపడి వెళ్ళాను.

"నా జగ్గడికి కట్టినవి కూడానా?" అంది పిన్ని.

"అవును పిన్నీ."

"పదకొండూనా?"

"పదకొండూ."

"నీకెప్పుడు తెల్సింది?"

గన్నెమ్మక్క గుమ్మంలో ఉంది. ఎనిమిది నెలలు అని ఆమె వైపు చూపించొచ్చు. అందరూ అటు తిరుగుతారు, నన్ను వదిలేస్తారు.

"పదమూడు రోజులైంది" అన్నాను.

పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఎక్కడ ఆగిందో నాకు తెలుసు, పదకొండో సంచికి నేను దారం కట్టిన రోజు దగ్గర.

"మీ అక్కకి బాగైందా?" అంది.

"అయింది."

తల ఊపింది. మడిచిన చొక్కా చేయి కిందికి దించుకుని, గుండీ పెట్టుకుని, లేచి నా పక్కనుంచే వెళ్ళిపోయింది. కుర్చీ ఖాళీ అయింది. వరసలో తర్వాత ఉన్నావిడ కూర్చోలేదు.